బీరువా పై అరలో కవరు: రిజర్వ్ బ్యాంకు గవర్నరుకు బహిరంగ లేఖ

భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నరు గారికి,



తెలుగునాట మధ్యతరగతి ఇల్లు ఏదైనా సరే, బీరువా పై అరలో ఒక కవరు ఉంటుంది. ఎప్పుడో పెళ్లి బట్టలకు షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో రెండు మూడు పాస్‌బుక్కులు, ఒక ఎల్‌ఐసీ బాండు, ఇంటిపన్ను రశీదులు, ఎవరికో చేబదులిచ్చి రాయించుకున్న ప్రామిసరీ నోటు, రబ్బరు బ్యాండు చుట్టిన ఆధార్ జిరాక్సులు. పండక్కి బీరువా సర్దేటప్పుడు అది బయటికొస్తుంది. దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడతారు. లోపల ఏముందో ఎవరూ తీసి చదవరు. ‘ఆదివారం తీరిగ్గా చూద్దాంలే’ అంటారు. చాలా ఇళ్లలో ఆ ఆదివారం ఇంటాయన దినకార్యాలు ముగిశాకే వస్తుంది.

ఆ కవరు గురించే ఈ లేఖ.

2024 మార్చి ఆఖరుకు మీ దగ్గరున్న డిపాజిటర్ల విద్య, అవగాహన నిధిలో పోగుపడిన సొమ్ము 78,213 కోట్ల రూపాయలని మీ వార్షిక నివేదికే చెప్పింది. అంతకు ముందు ఏడాది అది 62,225 కోట్లు. పదేళ్లపాటు ఎవరూ ముట్టుకోని ఖాతాల డబ్బు ఇది. ఖాతాదారు పోయాడు, పిల్లలకు ఆ ఖాతా ఉన్నట్టే తెలియదు. ఉద్యోగం మారి ఊరు మారారు, పాత ఊళ్లోని బ్యాంకు సంగతి మరిచిపోయారు. ఫారంలో నామినీ గడి ఖాళీగా వదిలేశారు. ఇలా కోట్ల ఇళ్లలో తెరవని కవర్లన్నీ కలిస్తే ఆ అంకె తేలింది.

దీని మీద రిజర్వ్ బ్యాంకు ఊరుకోలేదు. 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ తెరిచింది. వేర్వేరు బ్యాంకుల్లో మరుగునపడ్డ డిపాజిట్లను ఒకేచోట పేరు కొట్టి వెతుక్కోవచ్చు. 2025 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కేంద్ర ప్రభుత్వం జిల్లా జిల్లాలో శిబిరాలు పెట్టి, ఎవరి డబ్బు వాళ్లకు చేర్చే పని చేపట్టింది. రెండూ మంచి పనులే. కాకపోతే రెండూ మనిషి మరిచిపోయిన తర్వాత చేసేవి. మరిచిపోకముందు, ఆ కవరు ఇంకా బీరువాలో ఉన్నప్పుడు, దాన్ని తెరిపించే పని ఎవరు చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ కవరులోంచి ఒక పాస్‌బుక్కు తీసి చూద్దాం. మే నెల ఆఖరి వరసల్లో 436 అని ఒక అంకె ఉంటుంది. పక్కన ఇంగ్లీషు పొడి అక్షరాలు. దాని దగ్గర్లోనే మరో 20 రూపాయలు. ‘బ్యాంకోళ్లు ఏదో కట్ చేశారు’ అని విసుక్కుని పేజీ తిప్పేస్తారు. ఆ 436 రూపాయలు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాది ప్రీమియం. ఖాతాదారు ఏ కారణంతో పోయినా నామినీకి రెండు లక్షలు రావాలి. ఆ 20 రూపాయలు సురక్షా బీమాది. ప్రమాదంలో పోతే ఇంకో రెండు లక్షలు. 2015లో ఈ పథకాలు మొదలైనప్పుడు శాఖలవాళ్లు సంతకాలు తీసుకున్నారు, ఏటేటా డబ్బు దానంతటదే పోతోంది. ఎల్‌ఐసీ బాండులా ఇంట్లో దాచుకునే దళసరి కాగితం ఏదీ లేదు. ఆ ఇంటికి బీమా ఉందన్న సంగతి చాలాసార్లు ఆ ఒక్క వరసకు తప్ప ఎవరికీ తెలియదు. భర్త పోయాక ఆ వరస అర్థం కాని ఇల్లాలు క్లెయిము ఫారం అడగదు. అడగని డబ్బు ఇంటికి రాదు.

‘జనానికి శ్రద్ధ లేదు, బద్ధకం’ అని తేల్చేయడం తేలిక. అది నిజం కాదు.

ఏ వీధిలోనైనా చీటీ పాట జరిగేచోట కాసేపు కూర్చుంటే చాలు. ఇరవై మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ. పాట 20,000 దాకా వెళ్లింది. కమీషను 5,000 పోగా మిగిలిన 15,000 ఇరవై మందికి పంచితే తలా 750. ఆ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది 4,250. కాగితం, పెన్ను లేకుండా నోటి మీద ఈ లెక్క చెప్పేసే ఆడవాళ్లు ప్రతి పేటలో ఉన్నారు. ఈ నెల పాడితే ఎంత నష్టం, ఆఖరిదాకా ఆగితే ఎంత లాభం, అమ్మాయి ఫీజు కట్టే నెలకు ఎవరు పోటీకొస్తారు, అన్నీ వాళ్లకు తెలుసు. అదే మనిషి బ్యాంకు కౌంటరు ముందు నిలబడితే గొంతు తగ్గిపోతుంది. ‘బాబూ, ఈ ఫారం కాస్త నింపిపెట్టవా’ అని వెనకున్న కుర్రాణ్ణి అడుగుతుంది.

2019లో జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం చేసిన సర్వే దేశంలో పెద్దవాళ్లలో ఆర్థిక అక్షరాస్యత 27 శాతమేనని చెప్పింది. ఆ సర్వే ప్రశ్నలకు జవాబు చెప్పలేని వాళ్లలో ఈ చీటీ లెక్కల మనుషులు ఎందరో ఉండి ఉంటారు. వాళ్లకు లెక్క వచ్చు. బ్యాంకు మాట్లాడే భాష రాదు. దీన్ని చదువులేనితనం అని పిలిస్తే మందు ఒకటి, భాషా భేదం అని పిలిస్తే మందు ఇంకొకటి. ఈ లేఖ రెండోదే సరైనదని నమ్ముతోంది.

వడ్డీ సంగతే తీసుకోండి. తెలుగు ఊళ్లలో ఎవరూ వడ్డీని ఏడాదికి శాతాల్లో చెప్పుకోరు. నెలకు నూటికి ఎన్ని రూపాయలన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే 24. ఐదు రూపాయల వడ్డీ అంటే విన్నవాళ్లు ‘అమ్మో’ అంటారు, అది 60 శాతం. అదే మనిషికి క్రెడిట్ కార్డు కాగితం మీద ‘ఏడాదికి 42 శాతం’ అని ఇంగ్లీషులో సన్న అక్షరాల్లో అచ్చేస్తే ఏమీ అనిపించదు. ‘ఇది మూడున్నర రూపాయల వడ్డీ అమ్మా’ అని చెప్పి చూడండి, కార్డు చేతిలోంచి కింద పెడుతుంది.

ప్రభుత్వం ఒకసారి ఈ భాషలో మాట్లాడింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల రుణాల మీద వడ్డీ భారం తగ్గించే పథకం తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘పావలా వడ్డీ’. పేరులో ఏడాదికి 3 శాతం అని అనలేదు. నూటికి నెలకు పావలా. కరపత్రం అక్కర్లేదు, అవగాహన సదస్సు అక్కర్లేదు. అక్షరం ముక్క రాని అవ్వకు కూడా పేరు వినగానే పథకం అర్థమైపోయింది. ఆ పథకం అమలులో లోపాల మీద ఎంతైనా వాదించుకోవచ్చు, పేరు మాత్రం గొప్పది.

రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ అప్పులకూ చిన్న వ్యాపారుల అప్పులకూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తప్పనిసరి చేసింది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చెప్పాలి, అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి అని మీ నిబంధన. మంచి నిబంధన. ‘అర్థమయ్యే భాష’ అంటే తెలుగు లిపిలో ‘వార్షిక శాతం రేటు’ అని రాయడమా, ‘నెలకు నూటికి రూపాయిన్నర’ అని రాయడమా? మొదటిది అనువాదం. రెండోది జనం మాట.

కూరగాయల బండి దగ్గర ఈ తేడా ప్రాణాంతకంగా ఉంటుంది. బండి నడిపే ఆమె లైను ఫైనాన్స్ వాళ్ల దగ్గర పదివేలు అప్పు తీసుకుంటే చేతికిచ్చేది తొమ్మిదివేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం ఆరింటికి బండి దగ్గరికే మనిషి వస్తాడు, కార్డు మీద టిక్కు పెడతాడు, వంద పట్టుకెళ్తాడు. పదివేలకు వెయ్యే కదా వడ్డీ, నూటికి పదే కదా అనిపిస్తుంది. మొదటి రోజు నుంచే అసలు తీరుస్తూ వస్తున్నారు కాబట్టి వందరోజుల మొత్తం మీద సగటున ఆమె వాడుకున్నది ఆ తొమ్మిదివేలలో సగం. లెక్కగడితే నెలకు ఆరు రూపాయలు దాటిన వడ్డీ. ఏడాదికి 75 శాతం పైమాటే. ‘ఆరు రూపాయల వడ్డీకి తీసుకుంటావా’ అని ఎవరైనా ముందే అడిగుంటే ఆమె చెంపలు వాయించుకునేది. అడిగినవాళ్లు లేరు. వీధి వ్యాపారుల కోసమే 2020 జూన్‌లో పీఎం స్వనిధి వచ్చింది. అప్పట్లో మొదటి విడత పదివేలు, వడ్డీలో 7 శాతం రాయితీ. ఆ బండికి నాలుగడుగుల దూరంలో బ్యాంకు శాఖ ఉన్నా, ఆమెకు దగ్గరగా అనిపించేది కార్డు మీద టిక్కు పెట్టేవాడే. వాడు తెలుగులో మాట్లాడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, ఫారం నింపమనడు.

ఇక భయం. ఇది చదువుతో పోయేది కాదు.

అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి కూడితే ఎంత తేలుతుందోనని భయం. అందుకే కూడరు. ఆర్థికశాస్త్రవేత్తలు దీనికి నిప్పుకోడి పేరు పెట్టారు. ఇసకలో తల దాచుకుంటుందని చెప్పుకునే ఆ పక్షి పేరుతో 2009లో కార్ల్‌సన్, లోవెన్‌స్టీన్, సెప్పీ అనే ముగ్గురు పరిశోధన ప్రచురించారు. మార్కెట్ పడిపోయినప్పుడు మదుపరులు తమ ఖాతా తెరిచి చూసుకోవడం తగ్గించేస్తారని అందులో తేలింది. వాళ్లు చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు. చెడు వార్త ఉంటుందేమోనన్న కాగితాన్ని పక్కకు నెట్టేయడం మనిషి స్వభావమే, పేదరికపు జబ్బు కాదు.

హైదరాబాదు గచ్చిబౌలిలో లక్షల జీతం తీసుకునే ఉద్యోగి దగ్గరా ఆ కవరు ఉంటుంది. ఫోనులో ఉంటుంది, అంతే తేడా. జనవరిలో ఆఫీసువాళ్లు పన్ను మినహాయింపు కాగితాలు అడిగితే ఆ రాత్రికి రాత్రి ఏదో ఒక పాలసీ కొనేస్తాడు. పెళ్లయ్యాక కొత్త నామినేషను ఇవ్వాలని పీఎఫ్ నిబంధన. ఇచ్చారా అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే పీఎఫ్‌తో పాటు కుటుంబానికి ఏడు లక్షల దాకా బీమా వస్తుందని ఆయన భార్యకు ఎవరూ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. చావు మాట ఎత్తితే అశుభమని అత్తగారు అంటుంది, ఆయనకూ ఎత్తాలని ఉండదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకునే వీలొచ్చింది. ఒక్కరినైనా పెట్టారో లేదో చూసుకోవాలంటేనే చేయి ముందుకు రాని ఇళ్లకు నలుగురి మాట ఎలా చేరుతుంది?

భయపడటానికి తెలుగువాళ్లకు గట్టి కారణాలే ఉన్నాయి, వాటిని కొట్టిపారేయకూడదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయాయన్న వార్తలతో ఊళ్లు అట్టుడికాయి. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది. అగ్రిగోల్డ్ సంస్థలో పైసాపైసా కూడబెట్టి కట్టిన లక్షలాది మంది డబ్బు తిరిగి రాక ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. ఆ మీదట సెల్‌ఫోనులోకి లోన్ యాప్‌లు వచ్చాయి, ఫొటోలు మార్ఫింగు చేసి బంధువులకు పంపే దుర్మార్గం వచ్చింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని వెళ్లిన పెద్దాయన చేతిలో బీమా పాలసీ పెట్టి పంపిన కథ ప్రతి బంధువర్గంలోనూ ఒకటి ఉంటుంది. ఇన్ని దెబ్బలు తిన్నవాళ్లను ‘ఆర్థిక క్రమశిక్షణ లేదు’ అని తప్పుపడితే వాళ్లు ఇంకో అడుగు వెనక్కి వేస్తారు.

మరి మొదలుపెట్టించడం సాధ్యమా? సాధ్యమేనని నెల్లూరు జిల్లా ముప్పై ఏళ్ల కిందటే చూపించింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ నిప్పు జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దాని తర్వాతి అధ్యాయం గురించి జనం తక్కువ చెప్పుకుంటారు. సారాకు పోకుండా ఇంట్లో మిగిలిన డబ్బును ఏం చేయాలన్న ఆలోచనలోంచి ‘పొదుపు లక్ష్మి’ పుట్టింది. రోజుకు ఒక్క రూపాయి. నెలకు ముప్పై. అంతకు మించి ఎవరూ అడగలేదు. చదువురాని కూలిమనిషికి ఆ రోజుల్లో రూపాయి తీయడం కష్టమే, కానీ వీలుకానంత కష్టం కాదు. ఈ రాష్ట్రాల్లో ఇవాళ కనిపించే స్వయం సహాయక సంఘాల పునాదిలో ఆ రూపాయి ఉంది.

ఆ సంఘాల పద్ధతిలో ఒక విషయం దగ్గరగా చూడదగ్గది. సమావేశంలో చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. పుస్తకం తెరిచి ఒక్కొక్కరి పేరు, పొదుపు, అప్పు, మిగులు పైకి చదువుతారు. చదువుతున్నది పదో తరగతి తప్పిన కోడలుపిల్ల కావచ్చు, వింటున్నది వేలిముద్ర వేసే అత్త కావచ్చు. ఎవరి అంకె ఎంతో అందరికీ వినబడుతుంది. తన అప్పు నలుగురిలో వినబడటం మొదట్లో సిగ్గుగా ఉంటుంది. మూడో నెలకు పక్కామె అప్పు ఇంకా పెద్దదని తెలుస్తుంది, సిగ్గు సగం పోతుంది. చూడటానికి భయపడే అంకెను ఒంటరిగా చూడక్కర్లేకుండా చేశారు. 

గవర్నరు గారూ, మీ బ్యాంకు 2016 నుంచి ఏటా ఆర్థిక అక్షరాస్యతా వారం జరుపుతోంది. 2024లో విద్యార్థుల మీద, 2025లో మహిళల మీద దృష్టి పెట్టింది. ఫ్లెక్సీలు కడతారు, కళాశాలలో ఉపన్యాసం ఉంటుంది, పోస్టరు పట్టుకుని ఫొటో దిగుతారు. ఉపన్యాసం విన్నవాళ్లలో ఎందరు ఇంటికెళ్లి ఆ కవరు తీశారో ఎవరూ అడగరు. పాఠానికీ పనికీ మధ్య ఒక గంట దూరం ఉంది. ఆ గంటలో పక్కన ఒక మనిషి కావాలి.

ఈ లేఖ అడిగేది ఆ గంటనే.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి బ్యాంకు శాఖలో నెలకు ఒక పూట, రద్దీ లేని రోజు చూసుకుని, ఒక బల్ల వేయించండి. ఖాతాదారు తన కవరు తెచ్చుకోవాలి. బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తి పాస్‌బుక్కు అక్కడికక్కడే ముద్రించి, ఒక్కో వరస తెలుగులో చదివి వినిపించాలి. ఈ 436 ఇదమ్మా, నామినీగా మీ పేరే ఉంది. ఈ అప్పు మీకు నెలకు ముప్పావలా వడ్డీ పడుతోంది, బయట తెచ్చిన రెండు రూపాయల అప్పు ముందు తీర్చుకోండి. ఇంతే చెప్పాలి. నామినీ గడి ఖాళీగా ఉంటే ఆ పూటే నింపించాలి. ఖాతాకు కట్టిన ఫోను నంబరు మారిపోయుంటే ఆ పూటే మార్పించాలి.

ఒక షరతు మాత్రం రాతపూర్వకంగా ఉండాలి: ఆ బల్ల దగ్గర ఏదీ అమ్మకూడదు. పాలసీ వద్దు, ఫండు వద్దు, కార్డు వద్దు. అమ్మకం లక్ష్యాలున్న ఉద్యోగిని అక్కడ కూర్చోబెట్టకూడదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు ప్రతి ఊళ్లో ఉన్నారు, సంఘాల లెక్కలు రాసే అమ్మాయిలు ఉన్నారు, 2017 నుంచి మీరే నడిపిస్తున్న ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాల సిబ్బంది ఉన్నారు. వాళ్లకు గౌరవంగా ఉండే భత్యం ఇవ్వండి. డిపాజిటర్ల విద్య కోసమని 2014లో పెట్టిన నిధి మీ దగ్గరే ఉంది. దాని పేరులోనే ఈ పని ఉంది.

బ్యాంకులు ఇంత పని చేయలేవని ఎవరైనా అంటే నమ్మకండి. జన్‌ధన్ ఖాతాలకు పదేళ్లు నిండి కేవైసీ మళ్లీ చేయాల్సొచ్చినప్పుడు 2025 జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా బ్యాంకులు పంచాయతీల్లోకి వెళ్లి శిబిరాలు పెట్టాయి. కదలమంటే కదిలాయి. అంతకు ముందు దువ్వూరి సుబ్బారావు గారు మీ కుర్చీలో ఉన్నప్పుడు, రిజర్వ్ బ్యాంకు 75 ఏళ్ల సందర్భంలో, ఉన్నతాధికారులే పల్లెలకు వెళ్లి జనంతో మాట్లాడారు. దారి తెలియనిది కాదు.

ఇంకొక కోరిక. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏడాది శాతం పక్కనే ‘నెలకు నూటికి ఇన్ని రూపాయలు’ అని ఒక్క గడి చేర్పించండి. 9 శాతం పక్కన ముప్పావలా, 18 శాతం పక్కన రూపాయిన్నర. ఈ గడికి పరిశోధన కమిటీ అవసరం లేదు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకునేలా మీరే వీలు కల్పించారు. ఆ పిల్లలు ఇంట్లో అమ్మ అప్పు కాగితం చదివి పెట్టేటప్పుడు ఆ గడి చూసి గట్టిగా చదువుతారు.

ఈ పత్రిక చేతిలో ఉన్న పాఠకులకూ ఒక మాట. బల్ల వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం ఆ కవరు కిందకు దించండి. అన్నీ సరిచేయాలని కూర్చోవద్దు, ఒక్క పాస్‌బుక్కు చాలు. ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఆఖరి పేజీ పైకి చదవండి. అర్థం కాని వరస కింద గీత గీసి, సోమవారం బ్యాంకుకు పట్టుకెళ్లి ‘ఇదేంటి’ అని అడగండి. జవాబు చెప్పకపోతే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కి ఫోను చేయండి.

గవర్నరు గారూ, ఆంధ్రప్రదేశ్‌లో యూనియన్ బ్యాంకు, తెలంగాణలో స్టేట్ బ్యాంకు రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీలకు కన్వీనర్లుగా ఉన్నాయి. ఆ రెండు బ్యాంకులకు మీ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వెళ్తే ఈ పని మొదలవుతుంది. వచ్చే ఫిబ్రవరిలో అక్షరాస్యతా వారం వచ్చేలోగా, ప్రతి జిల్లాలో కనీసం ఒక్క శాఖలోనైనా ఆ బల్ల వేయించండి.

గౌరవాభివాదాలతో,
ఒక తెలుగు ఖాతాదారు